స్వర్ణముఖి వెంట సైకిలు మీద: తిరుపతి నుంచి కాళహస్తి దాకా

మాది వాకాడు వైపు. స్వర్ణముఖి సముద్రంలో కలిసేది మా ప్రాంతంలోనే. చంద్రగిరి కొండల పక్కన మొదలై, తిరుపతిని ఒరుసుకుంటూ, కాళహస్తి గుడి గోడ పక్కగా, నాయుడుపేట మీదుగా మా దాకా వస్తుంది. మొత్తం 130 కిలోమీటర్ల నది. ఏడాదిలో ఎక్కువ రోజులు పైన కనిపించేది ఇసుకే. తిరుపతికి మేమంతా చిన్నప్పటి నుంచి వస్తూనే ఉన్నాం. బస్సు దిగడం, కొండెక్కడం, దర్శనం, లడ్డూలు, రాత్రి బస్సుకు తిరుగు ప్రయాణం. ఇంటిల్లిపాదితో వచ్చినప్పుడు కింద ఊరు చూసే తీరిక ఎవరికి ఉంటుంది? ఈసారి సంక్రాంతి సెలవులు అయ్యాక కొండ జోలికి పోకుండా, నది వెంట ఉన్న ఊళ్ళు చూద్దామని ఒక్కదాన్నే బయల్దేరాను.

సైకిలు తిరుపతిలోనే దొరికింది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదివే మా చిన్నాన్న కూతురు తన సైకిలు ఇచ్చింది. గేర్లు లేవు. ముందు బుట్ట, వెనక క్యారియర్, గట్టి టైర్లు. ఆ దారులకు ఇంతకన్నా అక్కర్లేదు.

సోమవారం, ఊరు

బస పెద్ద పని అయింది. ఒంటరిగా వచ్చిన మనిషికి, అందులోనూ ఆడమనిషికి, గది ఇవ్వడానికి చాలాచోట్ల వెనకాడతారు. ఒక లాడ్జిలో ఆధార్ చూసి, 'ఇంకెవరూ లేరా?' అని అడిగి, గదులు లేవన్నారు. చివరికి విద్యార్థినులు ఉండే లేడీస్ హాస్టల్లో రోజు లెక్కన మంచం దొరికింది. పొద్దున టిఫిను, రాత్రి భోజనం అందులోనే. కోచింగులకీ కాలేజీలకీ వచ్చే పిల్లల కోసం తిరుపతిలో ఇలాంటివి వీధికొకటి ఉన్నాయి. తక్కువ డబ్బుతో ఒంటరిగా తిరగాలనుకునే ఆడవాళ్ళు ముందు వీటిని అడగడం మేలు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక సైకిలు తీశాను. తిరుపతిని అర్థం చేసుకోవడానికి అలిపిరి నుంచి మొదలుపెట్టాలి. ఉత్తరాన గోడ కట్టినట్టు శేషాచలం కొండలు. ఊరంతా వాటి పాదాల నుంచి దక్షిణంగా, నది వైపు వాలి ఉంటుంది. బస్సులో, ఆటోలో ఇది తెలియదు. సైకిలు మీద అయితే అలిపిరి నుంచి స్టేషను వైపు పెద్దగా తొక్కకుండానే దిగిపోతాం. అప్పుడు కాళ్ళకే తెలుస్తుంది, కొండ మీద పడిన వాన ఎటు పోవాలో. ఈ ఊరికి కొండ ఎంత ముఖ్యమో ఆ వాలు కూడా అంతే ముఖ్యమని నాకనిపించింది.

అలిపిరి గరుడ విగ్రహం దగ్గర కాసేపు నిలబడ్డాను. మెట్ల దారిలో 3,550 మెట్లు. ముసలాయన ఒకరు ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కడం మొదలుపెట్టారు. ఆయన కోడలు వెనకే కుంకుమ డబ్బా పట్టుకుని ఉంది. ఎన్ని గంటలు పడుతుందని అడిగితే, 'మొక్కు మా, గంటలు లెక్కబెట్టకూడదు' అంది.

అక్కడి నుంచి కపిలతీర్థం దగ్గరే. సోమవారం కావడంతో జనం బాగా ఉన్నారు. కొండ అంచు నుంచి నేరుగా పుష్కరిణిలోకి నీళ్ళు దూకే చోటు ఇది. ఇక్కడ వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలప్పుడు, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీకంలో ఆ ధార కింద నిలబడటం కష్టం. జనవరిలో సన్నటి తెల్లని పోగు మాత్రమే మిగిలింది. అయినా ఎండిపోలేదు. గట్టు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూశాను.

చీకటి పడే వేళకు గోవిందరాజస్వామి గుడి చేరాను. రామానుజులవారు 12వ శతాబ్దంలో ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించారని చెబుతారు. ఈ గుడి చుట్టూ వేసిన వీధులే పాత తిరుపతి. బయటి పెద్ద గోపురం మట్లి అనంతరాజు కట్టించింది. రైల్వే స్టేషన్ నుంచి వచ్చేవాళ్ళకు మొదట కనిపించేది అదే. మాడ వీధుల్లో రాగి చెంబులు, తులసి పూసలు, చెక్క బొమ్మల కొట్లు. సైకిలు నడిపించుకుంటూ తిరిగాను. ఆ సందుల్లో తొక్కడం కుదరదు.

మంగళవారం, చంద్రగిరి

తెల్లవారుజామున బయల్దేరాను. చంద్రగిరి రోడ్డు మీద తొండవాడ దగ్గర నదిని మొదటిసారి దగ్గరగా చూశాను. ఇక్కడ అగస్త్యేశ్వరస్వామి గుడి ఉంది. స్వర్ణముఖిలో భీమ, కల్యాణి నదులు కలిసేది ఈ చోటే. ఊళ్ళో వాళ్ళు ముక్కోటి అంటారు. గుడి మెట్లు దిగితే ఇసుక, మధ్యలో మోకాలి లోతు కూడా లేని పాయ. ఒక ఆమె ఇసుకలో చేత్తో చిన్న గుంట తవ్వింది. రెండు నిమిషాల్లో తేటనీరు ఊరింది. దాంతోనే బిందె నింపుకుంది. మా వైపు దీన్ని చెలమ అంటాం. నీళ్ళు లేవనుకునే నదిలో నీళ్ళు ఎక్కడుంటాయో ఆమె నాకు చూపించింది. ఆ తర్వాత ఈ ప్రయాణంలో ఇసుకను చూసిన ప్రతిసారీ దాని కింద ఏముందో అన్న ఆలోచనే వచ్చింది.

చంద్రగిరి కోటను క్రీ.శ. 1000 ప్రాంతంలో యాదవరాయలు కట్టించారంటారు. దీనికి పేరు వచ్చింది మాత్రం విజయనగర రాజుల వల్ల. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడి హంపి పాడైపోయాక రాజధాని పెనుగొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి మారింది. 1639లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు తీరంలో చోటు సంపాదించినప్పుడు ఆ నేల కూడా ఈ రాజ్యం కిందిదే. అంటే చెన్నపట్నం పుట్టుకకు ఈ కోటతో ముడి ఉంది.

రాజమహల్ మూడంతస్తుల కట్టడం. రాయి, ఇటుక, సున్నం తప్ప కలప వాడలేదు. పై అంతస్తుల బరువంతా కమానుల మీదే నిలిచింది. లోపల పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్ళండి. బయట ఎండ మండుతున్నా లోపల గోడలు చల్లగా ఉన్నాయి. నేను విగ్రహాల కన్నా ఆ కమానుల్నే ఎక్కువసేపు చూశాను. వెనక కొండ మీద పాత కోట గోడలు, ఒక పెద్ద బండ మీద రెండు స్తంభాలు, వాటిపై అడ్డంగా ఒక రాతి దూలం. నేరస్థుల్ని అక్కడ ఉరి తీసేవారని ఊళ్ళో చెప్పుకుంటారు.

కోట ముందు బండి దగ్గర ఎర్రకారం దోసె తిన్నాను. ఇచ్చిన అక్క నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూసి అడిగింది.

'ఒక్కదానివే వచ్చినావా మా? ఇంట్లో చెప్పినావా?'

'చెప్పే వచ్చానక్కా.'

'యాడికి పోతా ఉండావు ఇప్పుడు?'

'కల్యాణి డ్యాం వైపు.'

'ఆ పక్క అడివి. పొద్దుగూకేలోపల తిరిగొచ్చెయ్. నీళ్ళు పెట్టుకున్నావా?' అని నా సీసా తీసుకుని నింపి ఇచ్చింది.

శ్రీనివాసమంగాపురం దారిలోనే. పెళ్ళయ్యాక శ్రీనివాసుడు, పద్మావతి అమ్మవారు ఆరు నెలలు అగస్త్యుడి ఆశ్రమంలో ఉన్నారని, అది ఈ చోటేనని కథ. ఇక్కడి నుంచి శ్రీవారి మెట్టుకు దారి ఉంది. అలిపిరి కన్నా పొట్టి దారి, 2,388 మెట్లు. గుళ్ళో జనం తక్కువ. కల్యాణ వేంకటేశ్వరుడి ముందు ఎవరూ తొయ్యకుండా, కావాల్సినంతసేపు నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.

కల్యాణి డ్యాం 1970ల్లో కట్టారు. తిరుపతి తాగునీటికి చాలాకాలం ఇదే పెద్ద ఆధారం. తర్వాత కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్ళు వచ్చాయి. డ్యాం దగ్గరే పోలీసు శిక్షణ కళాశాల ఉంది. రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు, ఎక్కువగా తోతాపురి. దాన్ని ఇక్కడ బెంగుళూరా అంటారు. జనవరి కావడంతో పూత మొదలైంది. ఆ వాసనలో తొక్కుతుంటే అలసట తెలియలేదు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ శేషాచలం, చుట్టుపక్కల కొండల్లోనే. అడవి హద్దు దగ్గర సిబ్బంది వచ్చేపోయే బండ్లను ఆపి చూస్తున్నారు. లోపలికి పోవాలని ప్రయత్నించకండి, దారి మీద నుంచి చూసేదే చాలా ఉంది.

బుధవారం, తిరుచానూరు, రాయలచెరువు

తిరుచానూరు అమ్మవారి గుడి పొద్దున్నే వెళితే ప్రశాంతంగా ఉంటుంది. పద్మసరోవరం గట్టు మీద ఆడవాళ్ళు పసుపు రాసుకుంటున్నారు. కార్తీక బ్రహ్మోత్సవాల చివర పంచమి తీర్థం నాడు ఇదే కోనేటిలో మునగడానికి లక్షల మంది వస్తారు. అక్కడికి కాస్త దూరంలో యోగిమల్లవరంలో పరాశరేశ్వరస్వామి గుడి ఉంది, చోళుల కాలంది. గోడల నిండా తమిళ శాసనాలు. పూజారి, నేను తప్ప ఎవరూ లేరు.

ఈ ఊళ్ళ పక్కనే నది. 2021 నవంబరు వరదలో ఒడ్డున ఇళ్ళు కూలి నీళ్ళలో పడిపోయిన వీడియోలు మీరూ చూసి ఉంటారు. అది ఈ నదే. ఇప్పుడు అక్కడ పిల్లలు ఇసుకలో క్రికెట్ ఆడుతున్నారు. ఒడ్డున కొత్త ఇళ్ళు మళ్ళీ లేస్తున్నాయి. ఏడాదంతా పారకపోయినా నది తన దారి మరిచిపోదు. ఒడ్డుకు అంత దగ్గర్లో పునాదులు తీయడం చూస్తే భయమేసింది. ఈ మాట గట్టిగా చెప్పాలనే రాస్తున్నాను.

నది దాటి దక్షిణంగా రామచంద్రాపురం దారి పట్టాను. సర్కారు తుమ్మ ముల్లు వెనక టైరులో దిగింది. సైకిలు తోసుకుంటూ ఒక ఊరి మొదట్లో పంచరు షాపు చేరాను. షాపు అన్న ట్యూబు తీసి నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూపించాడు. ఒకటి కాదు, రెండు చోట్ల. అతికించి, టైరు లోపలంతా వేలితో తడిమి, ఇంకో ముల్లు విరిగి ఉండిపోతే పీకేశాడు. 'ముల్లు తీయకుండా గాలి కొడితే మళ్ళా పోతాదిమా' అన్నాడు. ఈ ప్రాంతంలో తిరిగేవాళ్ళు ఒక ట్యూబు, చిన్న పంపు దగ్గర పెట్టుకోవాలి. తుమ్మ లేని గట్టు లేదు.

రాయలచెరువు విజయనగర కాలంలో తవ్వించింది. రెండు గుట్టల మధ్య పొడవాటి కట్ట వేసి నీళ్ళు ఆపారు. కట్ట మీద సైకిలు ఆపితే ఒక పక్క కనుచూపు మేర నీళ్ళు, ఇంకో పక్క లోతుగా వరి మళ్ళు, చెరుకు, ఊళ్ళు. 2021లో ఈ కట్టకే లీకు పడింది. తెగితే కింది ఊళ్ళేవీ మిగలవని జనాన్ని ఖాళీ చేయించారు. ఇసుక బస్తాలు వేసి నిలబెట్టారు. గేదెల్ని కడుగుతున్న ఒక పెద్దాయన ఆ రోజుల గురించి చెప్పాడు.

'అందురూ పొమ్మన్నారు. మేం గొడ్లను తోలుకోని గుట్టెక్కినాం. రెండు రాత్రుళ్ళు కన్ను మూయలా. చెరువు నిలబడింది. నిలబడకుంటే నువ్వీడ నిలబడి చూసేదానికి ఏముంటాది మా?'

ఆయన శెనక్కాయలు గుప్పెడు చేతిలో పోశాడు. కట్ట మీద రావిచెట్టు నీడలో కూర్చుని తిన్నాను. ఐదు వందల ఏళ్ళ నాటి కట్ట కింద ఇప్పటికీ మడి తడుస్తోంది. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. తిరుపతి వచ్చే వాళ్ళలో నూటికి ఒక్కరైనా ఇక్కడికి వస్తే బాగుండుననిపించింది.

గురువారం, గుడిమల్లం

హాస్టల్ ఖాళీ చేసి, సంచి క్యారియర్‌కు కట్టి బయల్దేరాను. రేణిగుంట దాకా రోడ్డు బాగుంటుంది కానీ లారీలు విపరీతం. తెల్లవారేలోపు ఆ ముక్క దాటేయాలి. రేణిగుంట దాటి లోపలి రోడ్డు పట్టాక ఊపిరి పీల్చుకున్నాను. ఇరుకు తారు రోడ్డు, రెండు పక్కలా మళ్ళు, కొంగలు.

పాపానాయుడుపేట పేరు గాజుపూసలు చేసేవాళ్ళకు తెలుసు. కొలిమిలో కరిగిన గాజు ముద్దను పొడవాటి ఇనప గొట్టానికి ఎత్తుకుని, లోపల బోలు ఉండేలా సన్నటి గొట్టంగా చేత్తో లాగుతారు. ఆ గొట్టాన్ని చిన్న ముక్కలుగా కోసి, బూడిదతో కలిపి మళ్ళీ వేడి చేస్తే అంచులు గుండ్రమై పూసలవుతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన రెండు వేల ఏళ్ళ నాటి పూసలు కూడా ఇలా లాగి చేసినవే. అందుకే ఆ పాత విద్య ఎలా సాగేదో తెలుసుకోవడానికి పరిశోధకులు ఈ ఊరికి వచ్చారు. ఒక ఇంటి అరుగు మీద అవ్వ చాటలో ఆవగింజంత ఎర్రపూసలు వేసుకుని పరిమాణాన్ని బట్టి వేరు చేస్తోంది. కళ్ళజోడు లేదు. చూపు కన్నా వేళ్ళే ముందు నడుస్తున్నాయి. ఒక దండ కొనుక్కున్నాను. ఈ ప్రయాణంలో తిండికీ బసకూ కాక ఖర్చు పెట్టింది ఆ దండకే.

అక్కడి నుంచి గుడిమల్లం కొద్ది దూరమే. పరశురామేశ్వరస్వామి గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంది. బయటి నుంచి చూస్తే చిన్న గుడి. గర్భాలయం వెనక గోడ గుండ్రంగా ఉంటుంది, గజపృష్ఠం అంటారు. లోపల నేల మంటపం కన్నా కిందకు ఉంది. అక్కడ సుమారు ఐదడుగుల ఎత్తు లింగం. దాని ముందు భాగంలో శివుడు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసిన జంతువు, ఇంకో చేతిలో చిన్న కుండ, భుజాన గొడ్డలి. కాళ్ళ కింద గొంతుకూర్చున్న మరుగుజ్జు.

ఇది క్రీస్తు పూర్వపు శతాబ్దాలదని చాలామంది పండితుల అభిప్రాయం. తేదీ మీద వాదనలున్నా, దొరికినవాటిలో అతి పాత శివలింగాల్లో ఇదొకటి అన్నదాంట్లో పేచీ లేదు. పురావస్తు పండితుడు టి.ఎ. గోపీనాథరావు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దీని గురించి రాశాక లోకానికి తెలిసింది. ఆ శివుడికి జటలూ నగలూ ఉన్నా, నిలబడిన తీరు మాత్రం వేటకు పోయి వచ్చి గుమ్మంలో నిలబడ్డ మనిషిదే. తర్వాతి కాలపు విగ్రహాల్లో ఉండే రాజసం కన్నా నాకు ఆ నిలబడ్డ తీరే నచ్చింది. కన్నప్ప కథ పుట్టిన నేల ఇది. బాణం పట్టుకుని అడవిలో తిరిగిన భక్తుడికి, భుజాన గొడ్డలి వేసుకున్న ఈ దేవుడు పక్క ఊరివాడిలాగే అనిపించి ఉంటాడు.

అరవై ఏళ్ళకోసారి గర్భాలయంలోకి అడుగు నుంచి నీళ్ళు ఊరి లింగాన్ని ముంచుతాయని ఊళ్ళో చెప్పారు. నది ఒడ్డు అక్కడికి దగ్గరే. తొండవాడలో చేత్తో తవ్విన గుంటలోకి నీళ్ళు ఊరడం చూసిన నాకు అది నమ్మడం కష్టం కాలేదు.

ఏర్పేడు దగ్గర మళ్ళీ పెద్ద రోడ్డు. ఐఐటీ తిరుపతి ఇక్కడే ఉంది. మధ్యాహ్నం ఎండలో ఒక చెట్టు కింద రెండు గంటలు ఆగి, ఎండ దిగాక కాళహస్తి చేరాను.

శుక్రవారం, కాళహస్తి

పంచభూత లింగాల్లో ఇక్కడిది వాయులింగం. గాలి చొరబడని గర్భాలయంలో కూడా దీపం రెపరెపలాడుతుందని అంటారు. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడున్నది దాని చోట మళ్ళీ కట్టింది, 2017లో కుంభాభిషేకం జరిగింది. రాహుకేతు పూజకు వచ్చిన వాళ్ళతో గుడి కిక్కిరిసి ఉంది. దర్శనం తొందరగా ముగించుకుని కలంకారీ వాళ్ళ వీధికి వెళ్ళాను.

ఒక ఇంట్లో అన్నా వదినలు ఇద్దరూ పనిలో ఉన్నారు. ముందు నేత గుడ్డను కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన దాంట్లో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని జిడ్డు వల్ల సిరా పాకిపోదు. నల్ల సిరాకు ఇనప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో రోజుల తరబడి పులియబెడతారు. దాని పేరు కసిమి. కలం అంటే వెదురు పుల్ల, కొసన చుట్టిన ఉన్ని, దారం. వేళ్ళతో ఆ ఉన్నిని నొక్కితే సిరా దిగుతుంది. ఆ కసిమి గుడ్డ మీద పడగానే బూడిద రంగులో ఉంది. చూస్తుండగానే కరక్కాయతో కలిసి నల్లబడింది.

ఎరుపు రావాలంటే పటిక రాసిన చోట చెట్టు వేళ్ళ నుంచి తీసిన రంగుతో ఉడికించాలి. ప్రతి రంగు తర్వాతా పారే నీళ్ళలో ఉతకాలి. నిలవ నీళ్ళలో ఉతికితే వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది. ఈ కళ స్వర్ణముఖి ఒడ్డున పెరగడానికి ఒక కారణం ఆ పారే నీళ్ళే. కాళహస్తి దగ్గర నది ఉత్తరం వైపు పారుతుంది కాబట్టి భక్తులకు పుణ్యం, ఇసుక నది కాబట్టి కలంకారీ వాళ్ళకు తేటనీరు.

'నదిలో నీళ్ళు తగ్గినాక ఏం చేస్తారన్నా?' అని అడిగాను.

'బోరు నీళ్ళు పారించుకుంటాం మా. ఉప్పు నీళ్ళయితే రంగు తేడా వస్తాది. వానలు పడి ఏరు పారినప్పుడు ఉతికిన గుడ్డ చూడు, ఎరుపు నిగనిగలాడతాది' అన్నాడు. వదిన లోపలి నుంచి రెండు గుడ్డలు తెచ్చి పక్కపక్కన పరిచింది. తేడా నాకు కూడా తెలిసింది.

ఇక్కడి కలంకారీ ఒక దశలో దాదాపు కనుమరుగవుతుంటే, చేతివృత్తుల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల్లో శిక్షణ కేంద్రం పెట్టారు. ఇప్పుడు పని చేస్తున్న కుటుంబాల్లో చాలామందికి ఆ విద్య అక్కడి నుంచి వచ్చిందే. 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా స్క్రీన్ ప్రింట్ చీరల్ని కలంకారీ అని అమ్మేవాళ్ళు చాలామంది. చేత్తో గీసినది కొనాలంటే గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. పాలు, కరక్కాయ కలిసిన పులుపు వాసన వస్తుంది. గీతల మందం కూడా అంతటా ఒకేలా ఉండదు.

మూడు గంటలకు సైకిలు తిప్పాను. తిరుపతి దాకా పెద్ద రోడ్డు మీద నలభై కిలోమీటర్ల లోపే. ఏర్పేడు దాటాక కొండల వెనక పొద్దు వాలుతుంటే, ఎదురెండ కళ్ళలో పడి నెమ్మదిగానే తొక్కాను. చీకటి పడే వేళకు చెల్లెలి హాస్టల్ గేటు దగ్గర సైకిలు అప్పగించి, అతికించిన ట్యూబు బదులు కొత్త ట్యూబు డబ్బులు ఇచ్చి, నెల్లూరు బస్సెక్కాను. కాళహస్తి నుంచి నాయుడుపేట, వాకాడు దాకా ఉన్న ముక్క మిగిలింది. దానికి నవంబరులో, నది పారుతున్నప్పుడు, మా ఊరి నుంచి ఎగువకు వస్తాను.